ఆనందబాష్పములతో

పోయిన వారం మార్తను రెజిమెంటల్ బజార్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్సు మేడమీద, కంప్యూటరు పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టి వచ్చాం. చేతిలో ఎర్ర పెన్ను, ఒళ్లో తన పేరు అచ్చయిన కాగితం. అది చదివి ఆమె ముఖం ఎందుకు మాడిపోయిందో చెప్పకుండానే మనకు చోటు అయిపోయింది.

ఈ వారమే కథలోకి వస్తున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు పోదాం. మార్తకు అరవై నిండాయి. ముప్పై నాలుగేళ్లు ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పి మొన్న నెలాఖరున రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. మారేడ్‌పల్లిలో తమ్ముడు జీవరాజు కుటుంబంతో కలిసి, మేడమీది ముందుగదిలో ఉంటుంది. పిల్లల నిఘంటువు తయారుచేస్తున్న ఒక చిన్న ఆఫీసువాళ్లు ఆమెను పనిలోకి రమ్మన్నారు. సోమవారం పది గంటలకల్లా, ఇరవై మాటలకు అర్థమూ ప్రయోగమూ రాసిన కార్డులు పట్టుకుని వెళ్లాలి. ఇంట్లో ఈ సంగతి తెలిసింది మేనకోడలు క్యారల్‌కి ఒక్కదానికే. ఈలోగా ఆదివారం నాడు మార్త పదవీ విరమణకు తమ చర్చి సంఘంలో కృతజ్ఞతా కూడిక, అంటే ప్రార్థన సభ. దాని కార్యక్రమ పత్రమే ఆ ఒళ్లో ఉన్న కాగితం.

తన కూడిక పత్రం తనే దిద్దుకోవడమేమిటని మీరడగవచ్చు. అక్కడే ఉంది తిరకాసు. ఆ సంఘంలో ఎవరు కన్నుమూసినా, ఎవరు రిటైరైనా వాళ్ల జీవిత సంగ్రహం రాసేది మార్తే, ప్రూఫు దిద్దేది మార్తే. బతికుండగా ఎవరికీ పట్టని మనిషి గురించి కూడా, చదువుతుంటే వెనక బెంచీలవాళ్లు సైతం కళ్లు తుడుచుకునేలా రాస్తుందని పేరు. ఈసారి రాసింది మాత్రం జీవరాజు. సంఘం కమిటీకి సెక్రటరీ కూడా ఆయనే. "అక్కకి చూపించకండి, సర్‌ప్రైజ్" అని ప్రెస్సులో గట్టిగా చెప్పి వెళ్లాడు. కానీ ప్రెస్సులో కంప్యూటరు ముందు కూర్చునే భవాని పన్నెండేళ్లుగా మార్త ఎర్ర పెన్ను చూడని కాగితం మిషనెక్కించి ఎరగదు. శుక్రవారం మధ్యాహ్నం తనే ఫోన్ చేసి పిలిచింది.

"సార్ జూపెట్టొద్దన్నడు మేడం. గని మీరు జూడకుంట నేను ప్రింటు కొడితే, రేపు ఒక్క ఒత్తు తప్పు వచ్చినా నా పానం ఊరుకోదు. జెర ఒక్కపారి చూసి ఇయ్యుండ్రి."

మార్త నవ్వుకుంటూ మొదలుపెట్టింది. ప్రారంభ గీతం, వాక్యపఠనం, శుభాకాంక్షలు. ఎనిమిదో అంశం జీవిత సంగ్రహం. తొమ్మిదో అంశం దగ్గర పెన్ను ఆగింది. "సమర్పణ ప్రార్థన, హస్తనిక్షేపణ" అని ఉంది.

తెలియనివాళ్లకు చెప్పాలి. సమర్పణ ప్రార్థన అంటే ఒక మనిషిని ముందుకు పిలిచి మోకరింపజేసి, పాస్టరుగారూ పెద్దలూ తలమీద చేతులుంచి, ఫలానా సేవకు ఈ మనిషిని అప్పగిస్తున్నాం అని దేవుడికి చెప్పడం. రిటైరైనవాళ్లకు చేసేది కాదు. ఒకసారి ఆ చేతులు తలమీద పడ్డాక వెనక్కి తగ్గడమంటే దేవుడికిచ్చిన మాట తప్పడమే. ఆ సంఘంలో ఇరవై ఏళ్ల కిందట ఒకాయన అలా వెళ్లి, ఏడాది తిరక్కుండా తిరిగొచ్చాడు. ఇప్పటికీ ఆయన మనవరాలికి సంబంధం చూస్తే ఆ మాట పైకి వస్తుంది.

మార్త కాగితం తిప్పి జీవిత సంగ్రహం చివరి పేరా చదివింది.

"తనకంటూ ఏదియు మిగుల్చుకొనక, తన్ను తాను మరచి, తన శేషజీవితమును సైతము ఆనందబాష్పములతో బాలికల అనాథాశ్రమమునకు సమర్పించుకొనుచున్నారు."

తుని దాటి లోపలికి పోతే సంఘంవాళ్లు నడిపే ఆడపిల్లల అనాథాశ్రమం ఒకటుంది. వార్డెన్ వెళ్లిపోయి ఆరు నెలలైంది. ఎవరూ దొరకడం లేదని కమిటీలో అనుకుంటూ ఉంటారు. ఆ ఖాళీలోకి తను ఆనందబాష్పాలతో వెళుతున్నట్టు మార్తకు ఇప్పుడే, ఈ స్టూలు మీదే తెలిసింది.

అంతకంటే ముందు ఇంకోటి తెలిసింది. ఆ వాక్యం తనదే. పదకొండేళ్ల కిందట అమ్మ పోయినప్పుడు తను రాసిన వాక్యం. రెండు మాటలు మాత్రం మారాయి. అక్కడ "ప్రియమైన హార్మోనియమును సైతము ఆనందబాష్పములతో ఆలయమునకు" అని ఉండేది.

"ఏమైంది మేడం? నీళ్లు తెమ్మంటరా?" అంది భవాని.

"ఎన్నింటికి మిషనెక్కిస్తావమ్మా?"

"ఆరింటికి. మల్ల ఆదివారం దాంక మిషను ఖాళీ లేదు."

"ఆరులోపు వస్తాను. నేను వచ్చేదాకా ఆపు" అని మార్త ప్రూఫు మడిచి సంచిలో పెట్టుకుని మెట్లు దిగింది.

ఆటోలో ఆమెకు పట్టరాని కోపం వచ్చింది. మామూలుగా మార్తకు కోపం వస్తే తలనొప్పి వస్తుంది, ఒక మాత్ర వేసుకుని పడుకుంటుంది, లేచేసరికి రెండూ పోతాయి. ఈవేళ తలనొప్పి రాలేదు. ఉత్త కోపమే వచ్చింది.

ఇంటికి చేరేసరికి మూడున్నర. హాల్లో జీవరాజు, అతని భార్య ప్రిసిల్లా ఆదివారం భోజనాలకు ఎవరెవర్ని పిలవాలో పేర్లు రాసుకుంటున్నారు. క్యారల్ సోఫాలో కాళ్లు ముడుచుకుని ఫోన్ చూసుకుంటోంది. ఆ పిల్లకు ఇరవయ్యారేళ్లు. ఒక క్లినిక్‌లో కౌన్సెలింగ్ చేస్తుంది.

మార్త చెప్పులు కూడా విప్పకుండా వచ్చి ప్రూఫు బల్లమీద పెట్టింది.

"ఇదేంట్రా?"

జీవరాజు కాగితం చూశాడు. ముందు ఉలిక్కిపడ్డాడు గానీ సర్దుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. రైల్వేలో సూపరింటెండెంటు, నలుగురికీ సర్దిచెప్పి పంపడం రోజూ చేసే పనే.

"ప్రెస్సువాళ్లు చూపించేశారా? ఛ. సర్‌ప్రైజ్ పోయింది. సరే, కూర్చో అక్కా."

"నేను తుని వెళుతున్నానా?"

"నీకు పిల్లలంటే ప్రాణం కదా. అక్కడ నలభై మంది ఉన్నారు, అమ్మా నాన్నా లేనివాళ్లు. ఇక్కడ కూర్చుని ఏం చేస్తావు? నేను కమిటీలో నీ పేరు చెప్పగానే ఒక్కరంటే ఒక్కరు కాదనలేదు. పాస్టరుగారైతే చేతులు పట్టుకున్నారు."

"కమిటీలో అందరినీ అడిగావు. నన్ను ఎప్పుడు అడిగావు?"

"నిన్ను అడగడమేంటక్కా? నువ్వు ఎప్పుడైనా కాదన్నావా?"

చూశారా, ఎంత తేలిగ్గా అన్నాడో. అందులో దురుసు లేదు, వెటకారం లేదు. నిజంగానే అన్నాడు. ఆమె కాదనలేదు. నాన్న మంచాన పడ్డప్పుడు పెద్ద చదువు ఆపేయమంటే ఆపేసింది. తమ్ముడి పరీక్ష ఫీజుల కోసం ట్యూషన్లు చెప్పింది. వచ్చిన రెండు సంబంధాలూ, ఇల్లు చూసేవాళ్లు లేరని వెనక్కి పోతే, పోనీలే అంది. ఎవరికీ అడ్డు చెప్పని మనిషిని అడగడం ఎందుకని ఇంట్లో ఏనాడో తీర్మానం అయిపోయింది. ఆ తీర్మానానికి ఇప్పుడు ఆత్మత్యాగం అని పేరు పెట్టి అచ్చేస్తున్నారు.

"ఎరిక్ పెళ్లి జనవరిలో కదా వదినా" అంది ప్రిసిల్లా కొడుకు సంగతి ఎత్తి, కాఫీ కప్పు జరుపుతూ. "కొత్త కోడలికి మేడమీద గదైతే బావుంటుంది, వెలుతురు వస్తుంది. ఎలాగూ నువ్వు అక్కడ ఉంటావు గనుక ఇబ్బంది లేదని…"

"ప్రిసిల్లా, దానికీ దీనికీ సంబంధం లేదు" అన్నాడు జీవరాజు గబుక్కున.

ప్రిసిల్లా పాపం అబద్ధం చెప్పడం చేతకాక దొరికిపోయింది. మార్తకు ఆమె మీద కోపం రాలేదు. గది కావాలంటే గది కావాలని అడిగినా ఇంత మండేది కాదు. గది కోసం మనిషిని దేవుడికిచ్చేస్తారా?

"జీవా, నాన్న పోయాక నిన్ను చదివించినప్పుడు నాకెవరూ చేతులుంచి ప్రార్థన చేయలేదు. ఆ పని నా అంతట నేను చేశాను. ఇష్టపడి చేశాను. అది త్యాగమని ఎవరైనా అంటే సిగ్గుపడి ఊరుకునేదాన్ని. ఇది అది కాదు. మేకను పట్టుకెళ్లి బలిస్తే మేక త్యాగం చేసిందని ఎవరూ రాయరు."

"ఏం మాటలక్కా అవి? మేకేంటి?"

"మరి నువ్వు రాసినదేంటి? నా కళ్లలో నీళ్లు కూడా నువ్వే పెట్టావు. అవి ఆనందబాష్పాలని కూడా నువ్వే చెప్పావు. ఏడ్చేదాన్ని నేను, ఎందుకేడుస్తున్నానో చెప్పేవాడివి నువ్వూనా?"

మార్త సోఫా వైపు చూసింది. పోయిన వారమే గదా ఈ పిల్ల మేడమీద గదిలో తన మంచం మీద కూర్చుని అంది, "అత్తా, నీలాంటివాళ్లు మా క్లినిక్‌కి వారానికి ముగ్గురొస్తారు. తనకేం కావాలో తనే పట్టించుకోకుండా, అందరికీ సర్దుకుపోయి, చివరికి తను అనే మనిషే లేకుండా చేసుకుంటారు. సెల్ఫ్ అబాండన్‌మెంట్ అంటాం. తెలుగులో ఏమనాలి?" అని. మార్త ఆ మాట కోసం రెండు రోజులు వెతికింది. ఆత్మత్యాగం, ఆత్మార్పణ, ఆత్మసమర్పణ, నిస్వార్థం, తన్ను తాను ఉపేక్షించుకొనుట. కార్డుల మీద అన్నీ రాసింది. అన్నీ పొగడ్తలే. దేశం కోసం ప్రాణమిచ్చినవాడికీ అదే మాట, ఇంట్లో పెరుగు అందరికీ వేసి తను మజ్జిగతో సరిపెట్టుకునే ఆడదానికీ అదే మాట. ప్రేమతో ఇచ్చినదానికీ భయంతో వదులుకున్నదానికీ తేడా చెప్పే మాట పుస్తకాల్లో దొరకలేదు. చివరికి అమ్మ నోట వినిపించింది. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ ఎప్పుడూ అనేది, "తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం" అని. ఇరవయ్యో కార్డు మీద మార్త అదే రాసుకుంది.

అటువంటి ప్రశ్న అడిగిన పిల్ల ఇవాళ నోరు విప్పడం లేదు. ఫోన్ మీంచి తల కూడా ఎత్తడం లేదు.

"అక్కా, నీతో వాదించలేను" అన్నాడు జీవరాజు. గొంతులో కొంచెం పదును వచ్చింది. "కానీ ఒకటి చెప్పు. ఈ మాటలు నేను కనిపెట్టానా? అమ్మకి నువ్వు రాసిందే చూసి రాశాను. అక్షరం మార్చలేదు. అమ్మ గురించి నువ్వు రాస్తే త్యాగం, నీ గురించి నేను రాస్తే బలీనా?"

ఆ దెబ్బ తగలవలసిన చోటే తగిలింది.

మార్త అమ్మ ఎస్తేరమ్మ కాకినాడ నుంచి కాపురానికి వస్తూ పుట్టింటి హార్మోనియం తెచ్చుకుంది. ఇంట్లో సాయంకాలం ప్రార్థనకు అది పట్టుకుని పాడుతుంటే పక్కింటివాళ్లు కిటికీలు తీసేవారు. ఒక ఏడు ఆలయంలో ఆర్గన్ పాడైంది. కమిటీలో నాన్న లేచి, మా ఇంట్లో హార్మోనియం ఉంది, మా ఆవిడ ఇచ్చేస్తుంది అన్నాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. ఇంటికొచ్చి శనివారం నాడు చెప్పాడు. ఆదివారం అమ్మను ముందుకు పిలిచి మోకరింపజేసి, సమర్పణ ప్రార్థన చేశారు. అమ్మ కళ్లు తుడుచుకుంది. అందరూ చూశారు. అవి ఏ నీళ్లో ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత అమ్మ ఇంట్లో పాడలేదు. బియ్యం ఏరేటప్పుడు మాత్రం చేట అంచు మీద వేళ్లు కదిలేవి, ఎడమచెయ్యి తిత్తి నొక్కుతున్నట్టు అటూ ఇటూ ఊగేది. పోయే ముందు నెలలో మార్తతో ఒకే ఒక్క మాట చెప్పింది. "నా గురించి రాస్తావు కదా. హార్మోనియం సంగతి రాయకు. రాస్తే ఇచ్చానని రాస్తావు."

మార్త సరేనంది. కానీ సమాధి కార్యక్రమానికి ముందు రోజు ఇదే తమ్ముడు, ఇదే బల్ల దగ్గర, "ఆ ఒక్క లైను లేకపోతే ఎలా అక్కా, నాన్న పేరు కూడా నిలుస్తుంది" అన్నాడు. మార్త రాసింది. చాలా అందంగా రాసింది. ఆ పేరా చదువుతుంటే సంఘమంతా ఏడ్చింది. హార్మోనియం పక్కన ఇత్తడి రేకు మీద ఆ వాక్యం ఇప్పటికీ ఉంది.

"ఆ తప్పు నాదే" అంది మార్త. "ఆమె అడిగి మరీ వద్దంది. నేను రాశాను. దాని సంగతి నేను చూసుకుంటాను. నా సంగతి మాత్రం నువ్వు చూడనక్కర్లేదు."

సంచిలోంచి ఎర్ర పెన్ను తీసింది. తొమ్మిదో అంశం మీద ఒక గీత. చివరి పేరా మీద పైనుంచి కిందికి ఇంకో గీత. ముప్పై ఏళ్లలో ఎన్నో కొట్టేసిన చెయ్యి, ఇంత ఒత్తి ఎప్పుడూ కొట్టెయ్యలేదు. కాగితం చిరిగింది.

"కొట్టెయ్" అన్నాడు జీవరాజు నెమ్మదిగా. "ప్రింటులో లేకపోయినా ప్రార్థన ఆగదు. నీ అంగీకార పత్రం పాస్టరుగారి దగ్గరుంది."

"ఏ పత్రం?"

"నువ్వు సంతకం పెట్టిందే. పోయిన గురువారం."

పోయిన గురువారం ఉదయం మార్త స్నానం చేసి వస్తుంటే జీవరాజు మెట్ల దగ్గర మూడు కాగితాలు పట్టుకుని నిలబడ్డాడు. "హాలు బుకింగు కాగితాలక్కా, గౌరవ అతిథి సంతకం కావాలట" అన్నాడు. ఆమె తడి చెయ్యి తువ్వాలుకు తుడిచీ తుడవకుండానే మూడింటి కిందా సంతకం చేసింది. ఊరందరి కామాలు, ఒత్తులు, సున్నలు దిద్దిన మనిషి, తమ్ముడిచ్చిన కాగితాన్ని చదవలేదు. తమ్ముడిచ్చింది చదవడమేమిటని అనుకుంది. అనుకోవడం కూడా లేదు, అసలు తట్టనే లేదు.

"హాలు బుకింగన్నావు."

"రెండు హాలువే. చదివి పెట్టొద్దని నేనన్నానా?"

క్యారల్ సోఫాలోంచి లేచింది. ఎవరివైపూ చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది గానీ గ్లాసు చప్పుడు వినిపించలేదు.

"ఆదివారం సాయంత్రం బండికి టికెట్టు కూడా అయింది వదినా" అంది ప్రిసిల్లా, మంచిమాట ఏదైనా చెప్పాలన్న తాపత్రయంతో. "లోయర్ బెర్తే దొరికే వరకు ఆగి మరీ తీశారు."

లోయర్ బెర్తు. మార్తకు నవ్వొచ్చింది. ఒక జీవితాన్ని ఎత్తి బండెక్కిస్తూ, పై బెర్తు ఎక్కలేదని జాలిపడ్డారు. ఆ నవ్వు చూసి జీవరాజు కొంచెం జంకాడు. ఆమె ఏడిస్తే ఏం చెయ్యాలో అతనికి తెలుసు.

"అక్కా, ఎక్కడికి?"

"ప్రెస్సుకి. ఆరింటికి మిషనెక్కిస్తారు" అని మార్త గేటు తీసుకుని వెళ్లిపోయింది. చెప్పులు ఎలాగూ విప్పలేదు.

రెజిమెంటల్ బజార్ చేరేసరికి ఐదు దాటింది. భవాని చిరిగిన ప్రూఫు కంప్యూటరు పక్కన పెట్టుకుంది. తొమ్మిదో అంశం తీసేసింది. చివరి పేరా తీసేసింది. అచ్చులో ఎనిమిది లైన్ల తెలుపు మిగిలింది.

"ఇంత జాగ వదిలేస్తే గలీజ్‌గ ఉంటది మేడం. ఏదన్న పువ్వు బొమ్మ పెట్టాల్నా?"

"వద్దు. నేను చెబుతాను, కొట్టు."

మార్త కళ్లజోడు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. ఎన్నో జీవిత సంగ్రహాలు చెప్పి కొట్టించిన గొంతు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ జనం ఏడుస్తారో తెలిసిన గొంతు. ఈసారి ఏ అలంకారమూ పెట్టలేదు.

"మా అమ్మ ఎస్తేరమ్మ తన హార్మోనియాన్ని ఆలయానికి ఇవ్వలేదు. ఆమెను అడక్కుండా మా నాన్న మాటిచ్చాడు. ఆమె ఏడ్చింది ఆనందంతో కాదు. ఇచ్చిందని రాసినదాన్ని నేనే. రాయొద్దని ఆమె నన్ను అడిగింది కూడా. ఆ ఇత్తడి రేకు తీయించాలని ఈ రోజు సంఘాన్ని కోరుతున్నాను. నా శేషజీవితం గురించి ఎవరైనా ఏదైనా చెబితే, ముందు నన్ను అడగండి. మార్త."

భవాని వేళ్లు చివరి అక్షరం దగ్గర ఆగిపోయాయి.

"మా అత్త సుత గట్లనే చెప్తది మేడం. భవానికి టైపు కొట్టుడే ఇష్టం, ఇంటి కాడ కూసోమంటే కూసోదు అని. నన్ను ఒక్కనాడు అడగలే" అంది. తర్వాత మిషను వైపు తిరిగి, "ఎన్ని కాపీలు?" అని అడిగింది.

"రెండు వందలు."

మిషను షురూ అయింది. మొదటి కాగితం వేడివేడిగా బయటికి వచ్చింది. మార్త దాన్ని తీసి చివరిసారి చదువుతుండగా కింద మెట్ల మీద చప్పుడైంది. ముగ్గురి అడుగులు. కానీ గుమ్మంలోకి వచ్చింది ఇద్దరే. ముందు జీవరాజు, ఆయాసపడుతూ. వెనక పాస్టరుగారు. ముప్పై అయిదేళ్లవాడు, మంచివాడు, ఇబ్బందిగా ఉన్నప్పుడు చేతిలో ఉన్నదాన్ని గుండ్రంగా చుడతాడు. ఇప్పుడు చేతిలో ఒక కాగితం గుండ్రంగా చుట్టి ఉంది.

"వందనాలు టీచర్‌గారూ" అన్నాడాయన. "జీవరాజుగారు మీరు మనసు మార్చుకున్నారన్నారు. మనసు మార్చుకోవడం తప్పు కాదు. కానీ కమిటీ ముందు పెట్టిన పత్రం ఇది. నేను ఒక్కటే అడగాలి. ఈ సంతకం మీదేనా?"

"చదివి చెబుతానండి" అంది మార్త.

"సంతకం చూస్తే చాలు కదా అక్కా" అన్నాడు జీవరాజు.

"ఒకసారి చూడకుండా పెట్టాను. ఇప్పుడు చదువుతాను."

స్టూలు లాక్కుని కూర్చుంది. మొదటి లైను నుంచి చదివింది. "నేను, మార్త, స్వచ్ఛందముగాను, ఎవరి ప్రోత్బలమును లేకుండను" అని మొదలైంది. ప్రోద్బలము అన్న మాటలో తప్పు దొర్లింది. చెయ్యి ఊరుకోలేక ఎర్ర పెన్నుతో దిద్దింది. కింద తన సంతకం. తడి వేళ్ల ముద్ర దగ్గర సిరా కొంచెం అలుక్కుపోయింది కూడా. కాదనడానికి లేదు.

సంతకం పక్కన "సాక్షి" అని ఉంది. దానికింద ఒక పేరు. గుండ్రటి అక్షరాలు, తలకట్లు కొంచెం పెద్దవి. ఆ అక్షరాలు దిద్దించింది తనే, మేడమీది గదిలో, పలక మీద, చెయ్యి పట్టుకుని. క్యారల్. కింద తేదీ. నిఘంటువు పని సంగతి ఆ పిల్లకు చెప్పిన మర్నాడు.

మిషను కాగితాలు వరసగా బయటికి తోస్తూనే ఉంది. మార్తకు ఆ చప్పుడు వినిపించడం మానేసింది. తమ్ముడు చేసినదానికి కోపం వచ్చింది. దీనికి కోపం కూడా రాలేదు.

"సంతకం నాదేనండి" అంది చివరికి. "పక్కన ఉన్నది కూడా మా ఇంటివాళ్లదే."

జీవరాజు ఊపిరి వదిలాడు. కాగితం తీసుకుందామని చెయ్యి చాచాడు.

"నాన్నా, ఆగు."

మెట్ల మీద ఆగిపోయిన మూడో మనిషి పైకి వచ్చింది. క్యారల్ ముఖం కడుక్కుని వచ్చినట్టుంది, జుట్టు తడిసి నుదుటికి అంటుకుంది. లోపలికి రాకుండా గుమ్మం పట్టుకుని నిలబడింది.

"నేను సంతకం ఒక్కటే పెట్టలేదు అత్తా. కాగితం వెనక్కి తిప్పు."

"వెనకాల కూడా ఉందా?" అన్నాడు పాస్టరుగారు. "నేనసలు తిప్పి చూడలేదు."

జీవరాజు కూడా చూడలేదు. అది అతని ముఖంలోనే తెలిసిపోయింది. ఒక్క అంగలో ముందుకు వచ్చాడు. అంతకంటే ముందే భవాని లేచి ఇద్దరికీ మధ్యలో నిలబడింది.

"మేడం చదువుతుంది సార్. జెర ఆగుండ్రి" అంది.

మార్త కాగితం తిప్పింది.